మార్పును నడిపే బృందం

పనిముట్టు మారినప్పుడల్లా మనిషి పనిచేసే తీరు మారుతూ వచ్చింది. ఘంటం పట్టి తాటాకుపై వ్రాసిన చేయి కలం పట్టి కాగితంపై వ్రాయడం నేర్చుకొన్నది. కాగితంపై వ్రాసిన చేయి నేడు కంప్యూటర్ మీటలపై కదులుతున్నది. అయితే పనిముట్టు మారినంత మాత్రాన పని దానంతట అదే బాగుపడదు. కొత్త పనిముట్టును పాత పనికి అన్వయించే మనుషులు కావాలి. వారు ఒకరినొకరు అర్థం చేసుకొని పనిచేయాలి. సంస్థలు కంప్యూటర్ యుగంలోకి అడుగుపెట్టిన చరిత్రను పరిశీలిస్తే ఈ సత్యం స్పష్టంగా గోచరిస్తుంది.

ఇక్కడ రెండు మాటల మధ్య గల భేదాన్ని ముందుగా గ్రహించాలి. చేతివ్రాత పుస్తకాలలోని వివరాలను యథాతథంగా కంప్యూటర్‌లోకి ఎక్కించడం కంప్యూటరీకరణ. కంప్యూటర్ కలిగించిన కొత్త సౌకర్యాలను ఆధారం చేసుకొని పని జరిగే క్రమాన్నే తిరిగి రూపొందించుకోవడం డిజిటల్ పరివర్తన. మొదటి దానికి యంత్రమూ, దానిని నడిపే మనిషీ చాలు. రెండవ దానికి బృందం అవసరం. ఎందుకంటే అక్కడ మారేది పనిముట్టు ఒక్కటే కాదు. ఎవరు ఏ పని చేయాలి, ఎవరు ఎవరికి జవాబుదారీ, ప్రజలు ఆ సంస్థను ఏ విధంగా ఉపయోగించుకోవాలి అనే విషయాలన్నీ మారుతాయి.

తెలుగువారి సాహిత్య చరిత్రలో ఇటువంటి మార్పు ఒకటి ఇదివరకే జరిగింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు తాళపత్ర గ్రంథాలను సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించి, కొన్నింటిని అచ్చు వేయించాడు. ఆయన సంకలనం చేసిన వేమన పద్యాలు 1829లో మద్రాసులో ముద్రితమయ్యాయి. కడపలో తన సొంత ఖర్చుతో ఆయన పండితులను, లేఖకులను నియమించుకొన్నాడు. లేఖకునికి వ్రాత తెలుసు. పండితునికి ఛందస్సు, వ్యాకరణం, పాఠభేదాలు తెలుసు. బ్రౌనుకు అచ్చు యంత్రం శక్తి తెలుసు. ఖర్చును భరించి నిర్ణయం తీసుకొనే అధికారమూ ఆయన చేతిలోనే ఉన్నది. తాటాకుపై జరిగిన తప్పు ఆ ఒక్క ప్రతికీ, దానిని చూచి వ్రాసుకొన్న ప్రతులకూ పరిమితం. అచ్చులో జరిగిన తప్పు ఒక్కసారిగా వందల ప్రతులకు వ్యాపిస్తుంది. అందువల్ల యంత్రానికి అప్పగించే ముందు పాఠాన్ని సరిచూచే పండితుని అవసరం అచ్చు వచ్చాక తగ్గలేదు, పెరిగింది. కంప్యూటర్ విషయంలోనూ ఇదే జరిగింది.

రైలు టికెట్టు చెప్పిన పాఠం

భారతీయ రైల్వేలలో సీట్లు, బెర్తుల రిజర్వేషన్ ఒకప్పుడు పూర్తిగా చేతివ్రాతతో సాగేది. ఒక్కొక్క రైలుకు తేదీల వారీగా రిజిస్టర్లు ఉండేవి. ఏ రైలు రిజిస్టరు ఏ కౌంటరులో ఉంటే ప్రయాణికుడు ఆ కౌంటరు ముందే నిలబడాలి. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా ప్రయోజనం లేదు. మరొక ఊరి నుండి తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే తంతి ద్వారా ఆ ఊరికి కబురు పంపి, జవాబు కోసం ఎదురుచూడాలి. రైలు బయలుదేరే ముందు ప్రయాణికుల జాబితాను చేతితో తయారుచేసి అతికించేవారు. సెలవుల రోజులలో రాత్రంతా వరుసలో పడుకొని తెల్లవారాక టికెట్టు కొనుక్కోవడం సామాన్యమైన దృశ్యం.

ఈ పద్ధతిని మార్చే ప్రయత్నం 1985లో న్యూఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమయింది. అప్పటికి ప్రభుత్వరంగ సంస్థగా ఉన్న సి.ఎం.సి. 'ఇంప్రెస్' అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించింది. పైకి చూస్తే ఈ పని సులభంగా తోస్తుంది. ఇన్ని బెర్తులు ఉన్నాయి, ఇంతమంది అడుగుతున్నారు, ముందు అడిగినవారికి ముందు ఇవ్వడమే కదా అనిపిస్తుంది. కాని రిజర్వేషన్ కార్యాలయంలో కూర్చున్న గుమాస్తాను అడిగితే ఈ పని ఎంత చిక్కైనదో తెలుస్తుంది. రైళ్లు అనేక రకాలు, పెట్టెలు అనేక రకాలు, తరగతులు అనేకం. మహిళలకు ఒక కోటా, సైనికులకు ఒక కోటా, మార్గమధ్యంలోని స్టేషన్లకు వేరే కోటాలు. వికలాంగులకు, రోగులకు, విద్యార్థులకు వేరువేరు రాయితీలు. ఒకే బెర్తును ఇద్దరు కూర్చొని పంచుకొనే ఆర్.ఎ.సి. పద్ధతి ఒకటి, దాని వెనుక నిరీక్షణ జాబితా మరొకటి. ఆరుగురు కుటుంబ సభ్యులు ఒకే టికెట్టుపై బయలుదేరవలసి ఉండగా ఒకరు ప్రయాణం మానుకొన్నారనుకొందాం. ఖాళీ అయిన ఆ బెర్తు ఎవరికి దక్కాలి? తిరిగి చెల్లించే సొమ్ము ఎంత? ఇటువంటి ప్రశ్నలకు సమాధానాలు కొన్ని నియమావళి గ్రంథాలలో ఉంటాయి. మరికొన్ని ఏళ్ల తరబడి కౌంటరులో కూర్చున్న ఉద్యోగి అనుభవంలో మాత్రమే ఉంటాయి.

యంత్రానికి ఊహ లేదు. చెప్పిన నియమాన్ని తప్పక పాటించడమే దానికి తెలుసు. చెప్పని నియమం దాని దృష్టిలో లేనట్లే. అందువల్ల సాఫ్ట్‌వేర్ వ్రాసే ఇంజనీరు ఎంతటి మేధావి అయినా, రిజర్వేషన్ ఉద్యోగి సహాయం లేకుండా ఒక్క అడుగు ముందుకు వేయలేడు. ఆ ఉద్యోగికి కంప్యూటర్ భాష తెలియదు. ఇంజనీరుకు రైల్వే భాష తెలియదు. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడమే సంస్థ చేయవలసిన మొదటి పని.

రైల్వే శాఖ 1986లో 'క్రిస్' అనే పేరుతో ప్రసిద్ధమైన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రాన్ని నెలకొల్పింది. ఈ సంస్థ నిర్మాణంలోనే ఒక విశేషం ఉన్నది. రైళ్ల నిర్వహణలో అనుభవం గడించిన రైల్వే అధికారులు, ఉద్యోగులు అక్కడికి వచ్చి పనిచేస్తారు. వారితోపాటు కంప్యూటర్ నిపుణులు పనిచేస్తారు. ఇరువురూ ఒకే సంస్థలో, ఒకే లక్ష్యంతో కలసి కూర్చుంటారు. ఈ సంస్థ రూపొందించిన 'కాన్సర్ట్' అనే సాఫ్ట్‌వేర్ మొదటిసారిగా 1994లో సికిందరాబాదులో అమలులోకి వచ్చింది. అక్కడ లోపాలను సరిచేసుకొన్న తరువాత ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై కేంద్రాలకు క్రమంగా విస్తరించింది. 1999 ఏప్రిల్ నాటికి ఈ అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యాయి. దానితో దేశంలో ఏ కంప్యూటర్ కౌంటరు నుండైనా, ఏ ఊరి నుండి ఏ ఊరికైనా టికెట్టు పొందే వీలు కలిగింది. 2002లో ఇంటర్నెట్ ద్వారా టికెట్టు కొనే సౌకర్యం ఏర్పడింది. తొలి రోజులలో ఆ టికెట్టును ముద్రించి కొరియరు ద్వారా ఇంటికి పంపేవారు. 2005లో ప్రయాణికుడే స్వయంగా ముద్రించుకొనే ఎలక్ట్రానిక్ టికెట్టు వచ్చింది. నేడు రిజర్వేషన్ టికెట్లలో అత్యధిక భాగం ఇంటర్నెట్ ద్వారానే అమ్ముడవుతున్నవి.

ఈ క్రమాన్ని గమనిస్తే కంప్యూటరీకరణ ఏ విధంగా పరివర్తనగా పరిణమించిందో బోధపడుతుంది. మొదట రిజిస్టరు మాత్రమే మారింది. తరువాత కౌంటరుకూ రైలుకూ ఉన్న ముడి వీడిపోయింది. ఆ తరువాత ఊరికీ టికెట్టుకూ ఉన్న ముడి వీడిపోయింది. చివరికి టికెట్టు కొనడానికి కౌంటరే అవసరం లేని స్థితి వచ్చింది. ఈ దూరాన్ని దాటడానికి దాదాపు ఇరవై సంవత్సరాలు పట్టింది. ఇంతకాలం సాగే పనిని ఒక్క వ్యక్తి ప్రతిభ మీద నిలబెట్టడం సాధ్యం కాదు.

బృందంలో ఎవరు ఉండాలి?

ఇటువంటి పనికి పూనుకొనే బృందంలో ముఖ్యంగా అయిదు రకాల వ్యక్తులు ఉండాలి.

మొదటివాడు నిర్ణయాధికారం గలవాడు. మార్పు ఒక విభాగంతో ఆగదు. లెక్కల విభాగం ఒకటి అంటే అమ్మకాల విభాగం మరొకటి అంటుంది. ఇద్దరి మాటలూ విని, ఏదో ఒకటి నిర్ణయించి, దాని ఫలితానికి బాధ్యత వహించగల అధికారి బృందంలో లేకపోతే చర్చలు సాగుతాయే తప్ప పని సాగదు.

రెండవవాడు పాత పనిని క్షుణ్ణంగా ఎరిగినవాడు. పెద్ద సంస్థలు సాధారణంగా చేసే పొరపాటు ఇక్కడే ఉన్నది. బృందానికి మనిషిని పంపమని అడిగినప్పుడు ప్రతి విభాగమూ తనకు అంతగా అవసరం లేని మనిషిని పంపుతుంది. పనిమంతుడిని వదులుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. కాని ఏ ఉద్యోగి లేకపోతే విభాగం ఇబ్బంది పడుతుందో, ఆ ఉద్యోగియే ఈ బృందానికి అవసరం. పని లేనివారితో కట్టిన బృందం పనికివచ్చే వ్యవస్థను నిర్మించలేదు.

మూడవవారు సాంకేతిక నిపుణులు. సాఫ్ట్‌వేర్ వ్రాసేవారు, సమాచార భద్రతను చూచేవారు, యంత్రాలను నిర్వహించేవారు ఈ కోవకు చెందుతారు. వీరిలో కొందరు బయటి సంస్థల నుండి రావచ్చు. అయితే బయటివారు ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోతారు. వారు కట్టిన వ్యవస్థను అర్థం చేసుకొని నిలబెట్టగల వారిని సంస్థ తన ఉద్యోగులలోనే తయారుచేసుకోవాలి.

నాలుగవవాడు ఈ ఇరువురికీ మధ్య దుబాసి వంటివాడు. నేటి సంస్థలలో ఇతనిని బిజినెస్ అనలిస్టు అంటున్నారు. ఉద్యోగి చెప్పిన అనుభవాన్ని విని, దానిని సందిగ్ధత లేని వాక్యాలుగా వ్రాసి, ఇంజనీరుకు అందించడం ఇతని పని. ఇంజనీరు చెప్పిన ఇబ్బందిని ఉద్యోగికి అర్థమయ్యే మాటలలో వివరించడమూ ఇతని పనియే. వినడం, అడగడం, వ్రాయడం అనే మూడు విద్యలు ఇతనికి ఆయుధాలు.

అయిదవవాడు వాడుకరుల పక్షాన నిలిచేవాడు. కౌంటరుకు ఇవతల ఉన్న ఉద్యోగికి శిక్షణ ఇవ్వడం, అవతల ఉన్న ప్రజల ఇబ్బందిని బృందం దృష్టికి తేవడం ఇతని బాధ్యత. చదువు అంతగా లేని ప్రయాణికుడు, చూపు మందగించిన వృద్ధుడు, ఇంగ్లీషు రాని గృహిణి ఈ వ్యవస్థను ఏ విధంగా ఉపయోగించుకొంటారని ప్రతి సమావేశంలోనూ అడిగే మనిషి ఒకరు ఉండాలి.

భయాన్ని పోగొట్టడం

బృందం ఎంత సమర్థమైనదైనా సంస్థలోని మిగిలిన ఉద్యోగులు సహకరించనిదే మార్పు నిలవదు. యంత్రం వస్తున్నదంటే ఉద్యోగికి కలిగే మొదటి భావం భయం. తన ఉద్యోగం పోతుందేమోనన్నది ఒక భయం. ఇరవై ఏళ్లుగా తాను సంపాదించిన నైపుణ్యం విలువ కోల్పోతుందేమోనన్నది మరొక భయం. ఈ భయాలను అజ్ఞానమని కొట్టివేయడం అన్యాయం. ఇంటిల్లిపాదీ ఒకరి జీతం మీద ఆధారపడిన కుటుంబాలలో ఆ భయానికి కారణం ఉన్నది.

భారతదేశపు బ్యాంకుల చరిత్ర ఈ విషయంలో గమనింపదగినది. బ్యాంకులలో కంప్యూటర్ల ప్రవేశాన్ని ఉద్యోగ సంఘాలు మొదట గట్టిగా వ్యతిరేకించాయి. 1983లో బ్యాంకుల యాజమాన్యాల సంఘానికీ, ఉద్యోగ సంఘాలకూ మధ్య యంత్రాల వినియోగంపై ఒప్పందం కుదిరింది. చక్రవర్తి రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1984లో బ్యాంకుల యాంత్రీకరణపై నివేదిక సమర్పించింది. ఆ తరువాత 1987లోను, 1993లోను మరికొన్ని ఒప్పందాలు జరిగాయి. ఒక్కొక్క ఒప్పందంతో ఒక్కొక్క అడుగు ముందుకు పడింది. ఈ ఆలస్యాన్ని విమర్శించినవారు ఉన్నారు. అయితే ఉద్యోగుల ప్రతినిధులతో కూర్చొని మాట్లాడినందువల్ల మార్పు ఉత్తర్వుగా కాక ఒడంబడికగా వచ్చింది. 2000 తరువాతి దశాబ్దంలో శాఖలన్నింటినీ ఒకే వ్యవస్థతో కలిపే కోర్ బ్యాంకింగ్ విస్తరించడానికి ఆ పునాది ఉపకరించింది. 2007లో భారతీయ స్టేట్ బ్యాంకు 'పరివర్తన్' అనే పేరుతో లక్షమందికి పైగా సిబ్బందికి రెండేసి రోజుల సదస్సులు నిర్వహించింది. అప్పటికి యంత్రాలు వచ్చి ఉన్నాయి. అయినా మనుషులతో మాట్లాడవలసిన అవసరం ఉన్నదని ఆ సంస్థ గుర్తించింది.

మాట వినని సంస్థ

బృందంలో కింది ఉద్యోగి మాటకు స్థానం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి బ్రిటన్ తపాలా సంస్థ అనుభవం ఒక విషాదకరమైన నిదర్శనం. అక్కడ ఊరూరా ఉన్న చిన్న తపాలా కార్యాలయాలను సబ్ పోస్టుమాస్టర్లు ఒప్పందంపై నడుపుతారు. 1999లో ఈ కార్యాలయాలలో 'హొరైజన్' అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థ ప్రవేశించింది. కొంతకాలానికి అనేక కార్యాలయాలలో లెక్కలు తప్పడం మొదలయింది. పెట్టెలో ఉన్న సొమ్ముకంటె ఉండవలసిన సొమ్ము ఎక్కువగా కంప్యూటర్ చూపేది. తాము ఒక్క పైసా ముట్టలేదని పోస్టుమాస్టర్లు మొరపెట్టుకొన్నారు. మరెవరికీ ఈ ఇబ్బంది లేదు, తప్పు మీదే అని వారిలో పలువురికి సమాధానం లభించింది. లోటును సొంత డబ్బుతో పూడ్చమన్నారు. కొందరు ఇండ్లు అమ్ముకొన్నారు. కొందరు దొంగలనే నిందతో చెరసాల పాలయ్యారు. 1999 నుండి 2015 వరకు 900 మందికి పైగా నేరస్థులుగా శిక్ష పొందారు.

చివరకు 555 మంది కలసి సంస్థపై వ్యాజ్యం వేశారు. 2019 డిసెంబరులో లండన్ హైకోర్టు ఆ వ్యవస్థలో దోషాలు ఉన్నాయనీ, వాటి వల్ల లేని లోటు కనిపించే అవకాశం ఉన్నదనీ తీర్పు చెప్పింది. 2024లో బ్రిటన్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలలో చాలావాటిని సామూహికంగా రద్దు చేసింది. కాని అప్పటికే ఇరవై ఏళ్లు గడచిపోయాయి. న్యాయం దక్కకుండానే మరణించినవారు కూడా ఉన్నారు.

ఈ ఉదంతంలో యంత్రం తప్పు చేయడం పెద్ద వింత కాదు. ప్రతి కొత్త వ్యవస్థలోనూ దోషాలు ఉంటాయి. ఆ దోషాలను మొదట చూచినవారు కౌంటరులో కూర్చున్నవారు. వారి మాటను నమ్మి పరిశీలించే మార్గం సంస్థలో లేకపోవడమే అసలు లోపం. సాంకేతిక నిపుణులకు తెలిసిన దోషాలు నిర్ణయం తీసుకొనేవారిని కదిలించలేదు. నిర్ణయం తీసుకొనేవారు మనిషిని అనుమానించారు, యంత్రాన్ని అనుమానించలేదు. పైన చెప్పిన అయిదుగురూ ఆ సంస్థలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు. అయితే వారు ఒక బృందంగా లేరు.

బృందం పాటించవలసిన నియమాలు

ఈ అనుభవాల నుండి కొన్ని నియమాలను గ్రహించవచ్చును. కొత్త వ్యవస్థను ముందుగా ఒక చిన్నచోట అమలు చేసి చూడాలి. అక్కడ కొంతకాలం పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కన నడిపి రెండింటి ఫలితాలనూ సరిపోల్చాలి. తేడా వచ్చినప్పుడు యంత్రమే సరియైనదని ముందుగా నిశ్చయించుకోరాదు. తప్పును చూపినవానిని విఘ్నకారిగా భావించక, బృందానికి ఉపకారం చేసినవానిగా గౌరవించాలి. బృందం ఒకరి మాట ఒకరు వినగలిగినంత చిన్నదిగా ఉండాలి. మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన అన్న సామెత సమావేశాలకు కూడా వర్తిస్తుంది. అన్నింటికంటె ముఖ్యంగా, వ్యవస్థ ప్రారంభమైన రోజున బృందాన్ని రద్దు చేయరాదు. ప్రారంభోత్సవం నాటికి తెలియని దోషాలు వాడుకలోనే బయటపడతాయి. వాటిని సరిదిద్దే వారు అందుబాటులో ఉండాలి.

నేటి విద్యార్థులు రేపు ఏదో ఒక సంస్థలో ఇటువంటి మార్పును ఎదుర్కొంటారు. కొందరు సాఫ్ట్‌వేర్ వ్రాస్తారు. కొందరు కౌంటరులో కూర్చుంటారు. కొందరు నిర్ణయాలు తీసుకొంటారు. కంప్యూటర్ విద్య అభ్యసించినవారికి మాత్రమే ఇందులో పాత్ర ఉన్నదని అనుకోవడం పొరపాటు. ఎదుటివారి మాటను ఓపికతో విని, దానిని స్పష్టంగా వ్రాయగలిగిన వాణిజ్య, కళా విద్యార్థులకు ఈ బృందాలలో ఎంతో అవసరం ఉన్నది. లెక్క తప్పిందని ఒక గుమాస్తా వచ్చి చెప్పినప్పుడు అతని మాట పూర్తిగా విని, తరువాత యంత్రాన్ని పరిశీలించే మనిషి ఒక్కడు బ్రిటన్‌లో సకాలంలో ఉండి ఉంటే వందల కుటుంబాలు వీధిన పడేవి కావు. అటువంటి మనుషులను తయారుచేసుకొన్న సంస్థకే కొత్త పనిముట్టు నిజంగా ఉపయోగపడుతుంది.